మంద దిగే నెల

అవును చిన్నోడా, చీర మీద బూట్లే వేసుకున్నాను. మొన్న ఫోన్లో అడిగావు, నేను జవాబు చెప్పేలోపే ఎవరో ఆటకు పిలిచారని పరిగెత్తావు. అవి మీ నాయన ఇక్కడ సోలారులో పని చేసినప్పటి బూట్లు. ముందువైపు పాత రవిక గుడ్డలు కూరితే నా పాదానికి సరిపోయాయి. మీ చిన్నవ్వ పావగడ సంతలో గుడ్డ బూట్లు కొనుక్కుంది, ఎర్రవి, బడిపిల్లలు వేసుకునేవి. మా ఇద్దరినీ అట్లా చూసి మీ తాత నవ్విన నవ్వు సంగతి ఇంకోరోజు చెప్తాను. ఇప్పుడు చెప్పాల్సింది వేరే ఉంది. ఈ వయసులో హిమాలయాలకు ఎందుకు పోయినట్టు అని మీ అక్క కూడా అడిగింది, మీ అమ్మా అడిగింది. ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. మీకు చెప్తాను, కూర్చోండి.

మన చేను సోలారు కరెంటువాళ్లకు కౌలుకిచ్చిన సంగతి మీకు తెలుసు. ఇచ్చినందుకు నేను ఏడవలేదు. వాన రాని చేలో చెనక్కాయ వేసి, పెట్టిన విత్తనం కూడా తిరిగి రాక ఏడ్చిన ఏడుపంతా అంతకుముందే అయిపోయింది. కౌలు వస్తోంది, తింటున్నాం. మీ నాయనకు అక్కడే పని దొరికింది, ఆ పనే ఆయన్ని ఉత్తరాన మీరుండే ఎడారి దాకా తీసుకుపోయింది. అదంతా సరే. కానీ చేను ఇచ్చేటప్పుడు మేమెవరమూ గొర్రెల గురించి ఆలోచించలేదు. చేనైతే ఎవరిది ఎంతో అందరికీ తెలుసు. గొర్రెలు మేసేది ఎవరిదీ కాని చోట్ల. గట్ల మీద, వంకల్లో, బీళ్లలో, పంట కోసిన మళ్లలో. కంచె పడేసరికి అవన్నీ కంచె లోపలికి పోయాయి. మంద అమ్మేశాం. ఊరికే చేతులు కట్టుకుని కూర్చోలేక ఏడెనిమిది గొర్రెలను, వాటి ముందు నడిచే ఒక మేకపోతును మాత్రం నేను పట్టుబట్టి ఉంచుకున్నాను.

ఏడెనిమిది గొర్రెల వెనక నడవడం నడవడం కాదు. అది వాకిట్లో తిరగడం. నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు మంద నిండుగా ఉండేది. ఎండలు ముదరగానే పెన్నేటి కింద, నీళ్లున్న ఊళ్లకు నడిచి పోయేవాళ్లం. రైతులు వాళ్ల మళ్లలో రాత్రికి మందను ఆపించుకుని, ఆ ఎరువుకు బదులుగా మాకు గింజలు కొలిచేవాళ్లు. ఇక్కడ తొలకరి పడిందని కబురందితే మళ్లీ నడిచి ఇంటికి. ముందు మంద, వెనక మేము. నిండు మంద వెనక నడుస్తుంటే గిట్టల చప్పుడు వాన పడుతున్నట్టే ఉంటుంది. నువ్వు నడుస్తున్నావో, అదే నిన్ను నడిపిస్తోందో తెలియదు. ఒంట్లో నొప్పి కూడా తెలియదు. ఆ నడక ఇంకొక్కసారి నడవాలి, మోకాళ్లు నా మాట వింటుండగానే నడవాలి అని నాకు లోపల ఎప్పటినుంచో ఉండేది. కానీ యాడ నడుస్తాను? మన తాలూకాలో అట్లాంటి మందే లేదు.

ఆ కొద్ది గొర్రెలనూ కంచె వారగా మేపేదాన్ని. సోలారు పలకలు కడిగిన నీళ్లు జారి బయటికి వస్తాయి, ఆ తడికి నడి వేసవిలో కూడా అక్కడ పచ్చగరిక ఉండేది. కంచెకు అవతల, గేటు దగ్గర ఒక కాపలా మనిషి కూర్చునేవాడు. నెరిసిన మీసం, ఎప్పుడూ తలకు చుట్టుకున్న తువ్వాలు. ఊరు హిమాలయాల దగ్గరట. కొంచెం కన్నడం, కొంచెం హిందీ, మిగతాది చేతులతో మాట్లాడేవాడు. నా హిందీ ఎట్లాంటిదో మీకు తెలుసు, కాబట్టి ఇద్దరికీ సరిపోయింది. ఆయన మాటలు నాకు అర్థమైనట్టుగా చెప్తాను.

ఒకరోజు గొర్రె ఒకటి అవతలి గరిక కోసం కంచె కింద తల దూర్చి ఇరుక్కుంది. నేను కాళ్లు పట్టి లాగుతున్నాను, అది అరుస్తోంది. ఆయన లోపలినుంచి వచ్చి కూర్చుని, దాని చెవులు వెనక్కి మడిచి, గడ్డం పైకెత్తి, మెల్లగా ఒక పక్కకు తిప్పాడు. తల సులువుగా బయటికి వచ్చింది. గొర్రె నోరు మూసుకుంది.

"నువ్వు గొర్రెలు కాసినోడివే," అన్నాను.

"మందలోనే పుట్టాను మాజీ," అన్నాడు. నన్ను అట్లాగే పిలిచేవాడు, మనం అమ్మా అన్నట్టు.

ఆ తర్వాత రోజూ అవే మాటలు. వాళ్ల ఊరిలో మంచు కరిగితే మంద కొండెక్కుతుందట, పైన గడ్డి మైదానాలుంటాయట, మళ్లీ మంచు పడేలోపు దిగుతుందట. ఆయన అన్న ఇప్పటికీ మంద వెంట పోతున్నాడు. మంద నడిచేటప్పుడు దారి కనపడదు, అంతా ఉన్నే కనపడుతుంది అన్నాడు. ఊళ్లనుంచి కూడా జనం కొండ నడకకు వస్తారనీ, ఒక దారి పొడుగునా డేరాలే డేరాలనీ చెప్పాడు.

"గొర్రెల దారిలో అంత జనమైతే గొర్రెలు యాడ పోతాయి?" అన్నాను.

"మాది వేరే దారి మాజీ. దానికి ఎవరూ రారు."

ఆ మాటతో నా మనసు తేలిపోయింది. ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పేశాను. మీ తాత అప్పుడు సంగటి ముద్ద చేతిలోకి తీసుకున్నాడు.

"హిమాలయాలకు పోతాండా."

"బదరీకా?"

"కాదు. గొర్లు పోయే కొండకు."

"ఆడ ఏ దేవుడుండాడు?"

"ఎవురూ లేరు."

"దేవుడు లేని కొండకు ఎవురన్నా పోతారేమ్మే? ఎక్కినాక ఎవురికి దండం పెడ్తావు?"

"పెట్టను. నడిచి వస్తా."

మీ తాత ముద్ద పళ్లెంలో పెట్టేసి నా మొహం చూశాడు. అంతలో గోడ అవతలినుంచి మీ చిన్నవ్వ గొంతు వినిపించింది. నా తోటికోడలు, పక్కిల్లే కదా, మన ఇంట్లో గిన్నె కదిలినా ఆమెకు తెలుస్తుంది.

"నన్ను ఇడిసిపెట్టి పోదామనుకున్యావా అక్కా? మందతో పోయినప్పుడు నీ కాల్లో ముండ్లు తీసింది ఎవురు? నీ మొగుడా?"

"నువ్వూ వస్తావా?"

"రాకుంటే నీ వెనక ఎవురు నడుస్తారు?" అంది. మీ తాత నవ్వి, "ఒక పిచ్చిది చాలదని రెండోది," అన్నాడు. అట్లా ఇద్దరమయ్యాం.

మీ నాయన ఒప్పుకోలేదు. "అమ్మా, కాశీకి పోదామంటే నేనే పిల్చుకపోతా. తిరుపతికి పో, శ్రీశైలం పో. ఆ కొండలో ఏముండాది?" అన్నాడు.

"జనం లేరు. అదే ఉండాది."

"జనం లేకుంటే నువ్వు పడితే లేపేదెవురు?"

"మీ చిన్నమ్మ."

"ఆమె పడితే?"

"నేను."

"ఇద్దరూ పడితే?"

"అప్పుడు కూసుంటాం," అన్నాను. ఫోను పెట్టేశాడు. నేనూ పెట్టేశాను. కోపం కాదు, ఇంక చెప్పడానికి ఏముంది?

పెద్దదానా, నువ్వు ఆ రోజు చేసిన మేలు నేను మరిచిపోలేదు. జనాన్ని కొండ నడకలకు తీసుకుపోయే ఆమె ఎవరినో వెతికి, నువ్వు మధ్యలో ఉండి హిందీలో మాట్లాడి, నాకు తెలుగులో చెప్పావు. ఆమె ఒక దారి చెప్పింది, బాగుంటుందట, అందరూ అదే అడుగుతారట. అందరూ అడిగేది వద్దన్నాను. ఇంకోటి చెప్పింది, సెలవుల్లో దానికి కూడా జనమేనట. నేను ఒకటే అడగమన్నాను, ఏ నెలలో ఆ కొండల్లో ఎవరూ ఉండరు?

"శ్రావణంలో పురుగు కూడా ఉండదంటోంది అవ్వా. ఒకటే వాన అంట," అన్నావు నువ్వు.

వాన! ఇంక నేను వినలేదు. "అవ్వా, ఆమె ఇంకా ఏదో చెప్తోంది," అని నువ్వు అంటూనే ఉన్నావు, నేను ఫోను గూట్లో పెట్టేసి మీ చిన్నవ్వకు చెప్పడానికి గోడ దగ్గరికి పోయాను. నిన్ను అనడానికి లేదు. నువ్వుండేది ఎడారి, నేనుండేది పావగడ. వాన పడుతుందంటే ఆ పని మానుకోవాలని మనిద్దరిలో ఎవరికి తోస్తుంది? ఇక్కడ పెళ్లికి పోతుంటే చినుకు పడితే పిల్ల అదృష్టవంతురాలంటాం. ప్రయాణానికి గడప దాటేటప్పుడు తుంపర పడితే ఇంక వెనక్కి చూడకుండా పొమ్మంటాం. జనమూ ఉండరు, వానా ఉంటుంది. ఇంతకంటే మంచి నెల యాడ దొరుకుతుంది?

ఊళ్లో ఒక్కరైనా వద్దన్నారా? ఒక్కరూ అనలేదు. దేవుడు లేని కొండకని నవ్వినవాళ్లు కూడా, వానలో నడవబోతున్నామని తెలిసి మెత్తబడ్డారు. "ఎంత పున్నెం చేసుకున్యారమ్మా," అంది పాలు పోసే ఆమె. మీ తాతకు కూడా ఆశ పుట్టింది.

"వచ్చేటప్పుడు ఒక మోడం పట్టుకొని రాండి. మన చెరువు మింద ఇడుద్దాం," అన్నాడు. మోడమంటే మబ్బు, తెలుసు కదా.

కంబళ్లు దులిపాం. వానకు కంబళిని కొప్పెర మడిచి తలమీదినుంచి ఎట్లా వేసుకోవాలో చేతులు మరిచిపోయాయేమోనని ఎండలో నిలబడి మడిచి చూసుకున్నాం. మరిచిపోలేదు. ఇంక కాళ్ల సంగతి. మన ఊరంతా చదును. అందుకని బస్సెక్కి పావగడ పోయి, కోట కొండ ఎక్కడం మొదలుపెట్టాం.

మొదటిరోజే ఒక చిక్కు వచ్చిపడింది. మెట్ల దగ్గర నేను ఆగాను, ఆమె ముందు పోతుందని. ఆమె ఆగింది, నేను పోతానని.

"పోమే," అన్నాను.

"నువ్వు పో అక్కా."

"నువ్వు చిన్నదానివి, ముందు పో."

"నువ్వు పెద్దదానివి, నువ్వే పో."

మర్యాద అనుకునేరు, అది కాదు. గొర్రెలు తోలేవాళ్లం, మేమెప్పుడూ వెనకే నడిచినవాళ్లం. ముందు ఏదో ఒకటి కదులుతుంటేనే మాకు కాలు పడుతుంది. ముందున్న మనిషికి ఎంత వేగం పోవాలో, యాడ ఆగాలో తెలియదు. నేను ముందు నడిస్తే పరుగెత్తినట్టు పోయి పది మెట్లకే ఆయాసపడి కూలబడ్డాను. ఆమె ముందు నడిస్తే ప్రతి మూలలో ఆగి వెనక్కి చూసేది, అన్నీ వస్తున్నాయా అని. అన్నీ అంటే నేనొక్కదాన్నే. ఆ రోజు సగం కూడా ఎక్కలేదు.

రెండోసారి మా మేకపోతును వెంట తీసుకుపోయాం. మందకు ముందు నడవడం దానికి పుట్టుకతో వచ్చింది. బస్సులో కండక్టరు దానికీ టికెట్టు కొట్టాడు. కొండ కింద దింపి తాడు వదిలితే, తల ఎగరేసుకుంటూ మెట్లమీద నడక అందుకుంది. వెనక మేమిద్దరం. ఎంత సుఖంగా ఎక్కామో! అది ఆకు కొరకడానికి ఆగితే మేమూ ఆగి ఊపిరి పీల్చుకునేవాళ్లం. అది కదిలితే కదిలేవాళ్లం.

కానీ ఇద్దరు ఆడవాళ్లు మేకపోతును కొండకు తోలుకుపోతుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు? దారిలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"ఏ దేవుడికమ్మా?"

"ఎవురికీ కాదప్పా."

"మరి యాడికి తోలకపోతాండారు?"

"నడక నేర్చుకునేకి."

"మేకకా?"

"మాకు."

ఆయన నమ్మలేదు. మొక్కు బయటికి చెప్పకూడదేమో అనుకుని, మర్యాదగా కొంచెం దూరంలో మా వెనకే ఎక్కాడు. పైన కూర్చుని మేము తెచ్చుకున్న వేయించిన చెనక్కాయలు పెడితే తిన్నాడు. చాలాసేపు ఓపిక పట్టి, చివరికి, "పొయ్యికి రాళ్లు నేను చూడాల్నా?" అన్నాడు. మీ చిన్నవ్వకు నవ్వాగక కొంగు నోట్లో కుక్కుకుంది. మేకను మళ్లీ కిందికి తోలుకుని దిగుతుంటే ఆయన మా వెనక నిలబడి, "ఏం కాలమొచ్చిందప్పా, మేకను ఊరికే కొండకు తిప్పకొస్తాండారు," అనడం నాకు వినిపించింది.

అట్లా ఎన్నోసార్లు పోయాం. పోగా పోగా మీ చిన్నవ్వకు ముందు నడక పట్టుబడింది. మేకపోతును చూసి నేర్చుకుందని మీ తాత అంటాడు. మేకను ఇంట్లో వదిలి, ఆమె ముందు, నేను వెనక ఎక్కడం మొదలుపెట్టాం. మీ నాయన కూడా దిగివచ్చాడు. పావగడ ఆసుపత్రిలో మోకాళ్లు, గుండె చూపించుకుంటే టికెట్లు తీస్తానన్నాడు. చూపించుకున్నాం. మెల్లగా నడిస్తే పోవచ్చంది డాక్టరమ్మ. టికెట్లు వచ్చాయి, శ్రావణానికి.

ఇదంతా జరిగినన్నాళ్లూ ఆ కాపలా మనిషి మాకు కనపడలేదు. ఆయన్ని అవతలి ఊరి వైపు గేటుకు మార్చారు. మళ్లీ మా వైపు వచ్చినరోజు నేను ఆనందం పట్టలేక, కంచె దగ్గరికి పోతూనే చెప్పేశాను. మీ కొండకే వస్తున్నాం, మీ గొర్రెల దారికే, శ్రావణంలో అని.

ఆయన నవ్వుతూ లేచినవాడు నవ్వు ఆపేశాడు.

"శ్రావణంలోనా? ఎవరు చెప్పారు మాజీ?"

"ఆ నెల్లో జనం ఉండరంట కదా. వానంట."

"జనం ఎందుకుండరో అడగలేదా?"

లేదన్నాను.

"ఆ నెలలో మా కొండ నడుస్తుంది," అన్నాడు. రెండు చేతులూ పైనుంచి కిందికి జార్చి చూపించాడు. నాకు అర్థం కాలేదు. కొండ నడవడమేమిటి? తన ఫోను తీసి కంచె సందులోంచి ఇచ్చాడు. అందులో ఒక కొండ వాలు. చెట్లు నిలబడే ఉన్నాయి, నిలబడే కిందికి జారుతున్నాయి. తర్వాత మట్టి, రాళ్లు, నీళ్లు. కింద ఉన్న దారి ఏమైందో కనపడలేదు. ఇంతకాలం వాన కోసం మొక్కులు మొక్కినదాన్ని, వాన అట్లాంటి పని చేస్తుందని నాకు నిజంగా తెలియదు. ఫోను తిరిగి ఇచ్చేశాను.

"మంద ఆ నెలలో యాడుంటుంది?" అని అడిగాను.

"పైన, మైదానంలో. కదలదు. దారిలో గొర్రె కూడా ఉండదు."

చూశారా! జనం లేని నెల వెతికాను గానీ, గొర్రెలు నడిచే నెల ఏదని ఎవరినీ అడగలేదు. బతికి బయటపడినా మంద కనపడేది కాదు.

ఇంటికి వచ్చి చెప్తే మీ చిన్నవ్వ నెత్తి కొట్టుకుంది. "వాన వాన అని ఎగిరితివే! మట్టిలో కూరుకుపోయి ఉంటే ఈడ మన తద్దినానికి ఆ మేకపోతునే కోసేవాళ్లు," అంది. మీ నాయనకు సంతోషం, టికెట్లు రద్దు చేసి, "చూసినావా, నేను చెప్పినా కదా," అన్నాడు. ఆయన చెప్పింది వేరే, అయినా ఊరుకున్నాను. ఊళ్లో మాత్రం ఊరుకోలేదు. బావి దగ్గర, పాల దగ్గర, బస్టాండులో అదే మాట. "మోడం తెస్తామంటిరే, ఏదమ్మా మోడం?" మీ తాత ఒక్కడే వెక్కిరించలేదు. మడిచిపెట్టిన కంబళ్లు నేను మళ్లీ అటక మీద పెట్టబోతుంటే, "కిందనే ఉండనీ," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కంచె దగ్గరికి పోయాను. గొర్రెలు లేకుండా పోవడం అదే మొదటిసారి.

"మంద ఏ నెల్లో దిగుతుంది?"

"వానలు పోయినాక, మంచు రాకముందు. మీ దసరా చుట్టుపక్కల," అన్నాడు. "కానీ మాజీ, డేరాలవాళ్లు అప్పుడు మా దారికి రానే రారు. దుమ్ము, పెంట, కుక్కలు. మంద ఎదురొస్తే పూటంతా కొండకు ఆనుకుని నిలబడాలి. వాళ్లకది కష్టం."

"నాకు కావాల్సింది అదేనప్పా."

మంద దిగేటప్పుడు ఇంట్లో మనుషులు చాలరని తానూ ప్రతి ఏడూ అప్పుడే సెలవు పెట్టి పోతాడట. నేను అడగకముందే, "మా ఇంట్లో ఉండండి. మందకు ఎదురుపోయేటప్పుడు మీరిద్దరూ నాతో రండి," అన్నాడు. నేను మీ నాయనకు ఫోను చేసి, అడగడం కాదు, చెప్పాను. ఆయన కూడా ఈసారి కాదనలేదు. కొండ ఎరిగిన మనిషి వెంట ఉన్నాడు కదా.

మిగిలిన నెలలు కోట కొండ ఎక్కడం మానలేదు. శ్రావణంలో ఇక్కడ నాలుగు చినుకులు పడ్డాయి. మేమిద్దరం వాకిట్లో నిలబడి చూసి, ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ప్రయాణం సంగతి కొంచెం మీకూ తెలుసు. హిందూపురంలో రైలెక్కాం. ఢిల్లీలో మీ నాయన వచ్చి బస్సెక్కించాడు. కాపలా మనిషి వాళ్ల ఊళ్లో మమ్మల్ని దింపుకున్నాడు. వాళ్ల ఇంట్లో ఆడవాళ్లు మా కంబళ్లను వేళ్లతో నలిపి చూశారు, మేము వాళ్లవి నలిపి చూశాం. మాటలు లేకుండా అదే ఒక పూట ముచ్చట.

మేము నడిచిన దారి నాకు నచ్చింది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, కింద యాడో నీళ్ల మోత. మనిషన్నవాడు కనపడలేదు. కాపలా మనిషి, ఇప్పుడు కాపలా లేదు గదా, ముందు నడిచాడు, ఆయన వెనక మీ చిన్నవ్వ, చివర నేను. ఊపిరి అందేది కాదు. కోట కొండ దీని ముందు ఇంటి మెట్టు. అయినా ఆగి ఆగి ఎక్కాం. రాత్రికి రాతి గుడిసెలో పడుకుని, మర్నాడు మళ్లీ ఎక్కాం. అట్లా ఎక్కుతున్న ఒక పొద్దున, పైన ఒక మలుపు దాటితే మైదానమని ఆయన చెయ్యి చూపించాడు. మీ చిన్నవ్వ మొహం వెలిగిపోయింది.

అప్పుడు ముందు చప్పుడు వచ్చింది. నేను ఆకాశం వైపు చూశాను, వానేమోనని. ఎండ కాస్తోంది. మెడకు ఇనుప ముళ్ల పట్టీ ఉన్న కుక్క మలుపులో కనపడి, మమ్మల్ని చూసి ఆగింది. ఆయన ఈల వేస్తే పక్కకు తప్పుకుంది. దాని వెనక మేకలు, మేకల వెనక గొర్రెలు. కొండకు వీపు ఆనించి నిలబడ్డాం. అవి మా మోకాళ్లకు రాసుకుంటూ పోతూనే ఉన్నాయి. ఆ ఉన్ని వాసన, చిన్నోడా, మనిషిని పిలుస్తుంది. దారి కనపడలేదు, ఆయన చెప్పినట్టే.

చివరలో ఆయన అన్న వచ్చాడు, ఎండిపోయిన మనిషి, చంకలో కుంటి గొర్రెపిల్ల. అన్నదమ్ములిద్దరూ రెండు మాటలు మాట్లాడుకున్నారు. మంద దిగిపోతోంది.

"పదండి మాజీ, దారి ఖాళీ అయింది. కొంచెం ఎక్కితే మైదానం," అన్నాడు కాపలా మనిషి.

నేను కదల్లేదు. పైకి ఖాళీ దారి. కిందికి మంద. వెనక వైపు, ఒక మనిషి నడవాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"మీరు పోయి రాండి. నేను ఈ మంద వెనక దిగతా."

మీ చిన్నవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏందక్కా నువ్వనేది? ఇంత దూరమొచ్చి, ఆ మలుపు కాడ ఏముండాదో సూడకుండా పోతావా? ఊళ్లో అడిగితే ఏం చెప్తావు?"

"నువ్వు చూసి చెప్పు, నేను ఇంటా."

"నీకు పిచ్చి పట్టినాది!"

"పట్టింది పావగడలోనే కదమ్మే. పో, నువ్వు ముందు నడిచేదానివి."

ఆమె తిట్టుకుంటూనే ఎక్కింది. ఆమె బాగానే చేసింది, మైదానం గురించి ఇప్పటికీ ఆమె చెప్తుంటే వినడం నాకిష్టం. నేను బూట్లలో గుడ్డలు సరిచేసుకుని మంద వెనక నిలబడ్డాను. ఆయన అన్న నా వైపు చూసి, చంకలోని పిల్లను నా చేతికిచ్చాడు. నడిచాను.

మధ్యాహ్నం దాకా నడిచాను. ఎట్లా ఉందని అడగొద్దు. కాళ్లు ఎవరివో మరిచిపోయాను. ఒక గొర్రె వెనకబడితే నా నోట్లోంచి మన అదిలింపే వచ్చింది. అది తల తిప్పి చూసి ముందుకు పోయింది. ఆయన అన్న నవ్వాడు. పక్కన కొండ నిండా గడ్డి, కంచె లేదు, గుంజ లేదు. మంద దానికి తోచినచోట ఆగి కొరికి, తోచినప్పుడు కదులుతోంది. సంతోషంగా నడుస్తున్నదానికి ఎందుకో భయమేసింది. ఆయన్ని ఒక మాట అడగాలనిపించింది. భాష లేదు.

నీళ్ల దగ్గర మంద ఆగింది. సాయంత్రం కాకముందే మన కాపలా మనిషీ, మీ చిన్నవ్వా దిగి వచ్చి మమ్మల్ని కలుసుకున్నారు. నేను ఆయనకు కన్నడంలో ఆ మాట చెప్పి, మీ అన్నను అడుగు అన్నాను.

ఆయన విన్నాడు. అన్న వైపు చూశాడు, నీళ్లు తాగుతున్న గొర్రెల వైపు చూశాడు. "మంద దారిలో ఉన్నప్పుడు ఆ మాట అనకూడదు మాజీ," అన్నాడు, మెల్లగా.

నిజమే. మేమూ మందతో నడిచేటప్పుడు తోడేలు పేరెత్తేవాళ్లం కాదు, రోగం పేరెత్తేవాళ్లం కాదు. పేరెత్తితే దారి చూపినట్టే అనేది మా అత్త. ఆ సంగతి తెలిసినదాన్ని, నోరు జారాను. ఊరు చేరినాక అడుగుతాలే అన్నాడు. ఊరు చేరేసరికి ఉన్ని కత్తిరింపు, చుట్టాలు, మా తిరుగు రైలు. సెలవు అయ్యాక ఆయన మళ్లీ ఇక్కడికి రాలేదు, ఇంకెక్కడో ఇట్లాంటి కంచెకే కాపలా వేశారట. పాత నంబరు మోగదు. మీ ఎడారిలోనే ఉన్నాడేమో, నెరిసిన మీసం, తలకు తువ్వాలు, కనపడితే అడగండి.

నేను అడగమన్నది ఇంతే. "ఈ గడ్డి నేల మాకియ్యండని మీ కొండకు ఇంగా ఎవురూ రాలేదా?"